పాత 1/144 గండమ్ కిట్టు: బెజవాడ ఎండలో, తేమలో కట్టి రంగులేస్తే ఎలా ఉంటుంది

గండమ్ అంటే జపాన్ టీవీ కార్టూన్‌లోని రాకాసి రోబో. బొమ్మల కంపెనీ బందాయ్ వాళ్ల మొట్టమొదటి గండమ్ ప్లాస్టిక్ కిట్టు 1980 జూలైలో జపాన్‌లో 300 యెన్లకు వచ్చింది. 1/144 కొలతలో ఆర్ఎక్స్-78-2, అంటే కథలోని అసలు గండమ్. ఆ పాత కిట్టునే ఇప్పటికీ అప్పుడప్పుడూ మళ్లీ అచ్చుపోసి అమ్ముతున్నారు. మన దేశపు ఆన్‌లైన్ హాబీ దుకాణాల్లో కనబడినప్పుడు, మిగతా కిట్ల పక్కన దీని ధర చూసి టక్కున కొనేసేవాళ్లు చాలామంది. కిట్టు చవకే, కాదనం. జిగురు, ఎమిరీ, ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత), నాలుగు రంగులు, పైపూత కలిపి లెక్కేస్తే మాత్రం ఖర్చు కిట్టు ధరను ఎప్పుడో దాటిపోతుంది. చేతులూ కాళ్లూ తిప్పి ఆడుకోడానికైతే ఇది వద్దు. అతుకు పూడ్చడం, లప్పం పెట్టడం, పొరలు పొరలుగా రంగు వేయడం నేర్చుకోడానికైతే ఈ ధరలో ఇంతకంటే పనికొచ్చే కిట్టు లేదని మా అభిప్రాయం.

కథలో ఈ రోబో ఎత్తు 18 మీటర్లు. 144తో భాగిస్తే పన్నెండున్నర సెంటీమీటర్లు. అరచేతిలో నిలబడే బొమ్మ. ఇప్పటి కిట్లకు అలవాటుపడ్డవాళ్లు పెట్టె తెరవగానే కంగారు పడతారు. ప్లాస్టిక్ అంతా దాదాపు తెలుపే. నీలం ఛాతీ, ఎర్రటి పొట్ట, పసుపు కొమ్ములు అన్నీ మనం వేసుకోవాల్సినవే. ముక్కలు నొక్కితే పట్టుకోవు, జిగురు పెట్టాలి. కీళ్లలో పాలీక్యాప్‌లు (కీలును బిగుతుగా పట్టుకునే మెత్తటి ప్లాస్టిక్ తొడుగులు) ఉండవు, ప్లాస్టిక్ మీద ప్లాస్టికే రాసుకుంటుంది. ఒకే పెట్టెలో రంగురంగుల ముక్కలు, జిగురక్కర్లేని కట్టుబడి కలిసి రావడానికి 1990లో బందాయ్ వాళ్ల హైగ్రేడ్ కిట్ల వరస దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి వీటిని లోపాలుగా లెక్కేసి మార్కులు తగ్గించడం న్యాయం కాదు. 1980లో అలాగే చేసేవాళ్లు.

ఇదే రూపం కావాలి, శ్రమ వద్దు అనుకునేవాళ్లకు 2020లో ‘రివైవల్ వెర్షన్’ అని ఒకటి వచ్చింది. చూడ్డానికి పాత కిట్టులాగే ఉంటుంది కానీ ముక్కలు రంగుల్లోనే వస్తాయి, జిగురక్కర్లేదు. అదే ఏడు వచ్చిన ‘ఎంట్రీ గ్రేడ్’ ఆర్ఎక్స్-78-2కి కట్టర్ కూడా అవసరం లేదు, ముక్కలు చేత్తో విరిచేయొచ్చు. పదేళ్ల పిల్లాడికి మొదటి కిట్టుగా ఇచ్చేట్టయితే ఎంట్రీ గ్రేడే ఇవ్వండి. పాత కిట్టు ఇస్తే మధ్యలోనే వదిలేస్తాడు.

సామాను దగ్గరికి వద్దాం. కిట్టు ఆన్‌లైన్లో తెప్పించుకున్నా మిగతావాటిలో సగం ఊళ్లోనే దొరుకుతాయి. 400, 600, 800, 1000 నంబర్ల నీటి ఎమిరీ పేపర్లు ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా ఉంటాయి. ఇంకా సన్నవి, అంటే 1500, 2000 కావాలంటే ఆటోనగర్‌లో కారు పెయింట్లు అమ్మే కొట్లకు వెళ్లాలి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లలో వైర్లు కత్తిరించే చిన్న కట్టరు, క్రొకొడైల్ క్లిప్పులు తీసుకోండి. ఆ క్లిప్పులకు కబాబ్ పుల్లలు తగిలిస్తే రంగు వేసేటప్పుడు ముక్కలు పట్టుకోడానికి బ్రహ్మాండంగా ఉంటాయి. పుల్లలు గుచ్చడానికి ఒక థర్మాకోల్ దిమ్మ చాలు. ఏలూరు రోడ్డులోనో, గుంటూరు బ్రాడీపేటలోనో స్టేషనరీ కొట్లో స్నాప్ కత్తి, సున్నా నంబరు బ్రష్షు దొరుకుతాయి. మోడల్ జిగురు, ప్రైమరు, మోడల్ రంగులు మాత్రం ఆన్‌లైనే. స్ప్రే డబ్బాలు, జిగురు మండే సరుకు కాబట్టి విమానంలో పంపరు, రోడ్డు మీద నెమ్మదిగా వస్తాయి. కిట్టు చేతికొచ్చాక ఆర్డర్ పెడితే ఎదురుచూస్తూ కూర్చోవాలి. ముందే పెట్టండి.

ఆటోనగర్‌కు వెళ్లినవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. కారు రంగుల్లో కలిపే ఎన్‌సీ థిన్నర్ సీసా చవగ్గా ఉందని తెచ్చేస్తారు. అది బ్రష్షులు కడగడానికే. కిట్టు ప్లాస్టిక్ పాలిస్టైరిన్, థిన్నర్ తగిలిన చోట కరిగి ముడతలు పడుతుంది. గోళ్ల రంగు తుడిచే ఎసిటోన్‌తోనూ ఇదే గొడవ. కారు ప్రైమర్ డబ్బా వాడాలనుంటే ముందు ఖాళీ రన్నరు (ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద కొట్టి పది నిమిషాలాగి వెలుతురులో చూడండి. సన్నటి బీటలు, గరుకు కనబడకపోతే పల్చటి మంచులా కొద్దికొద్దిగా కొట్టుకోవచ్చు. ఒకేసారి తడిసేట్టు కొట్టకూడదు.

కత్తిరించే ముందు రన్నర్లను గిన్నెలు తోమే ద్రవంతో, పాత టూత్‌బ్రష్షుతో కడిగి నీడన ఆరబెట్టండి. అచ్చులోంచి ముక్క ఊడిరావడానికి రాసే నూనె మిగిలి ఉంటే రంగు పట్టదు. పాత కిట్లలో రన్నరుకీ ముక్కకీ మధ్య ఉండే తొడిమలు లావుగా ఉంటాయి. ముక్కకు ఆనించి ఒక్క దెబ్బన కోస్తే ప్లాస్టిక్ తెల్లగా పగిలి గుంట పడుతుంది. ముందు రెండు మూడు మిల్లీమీటర్లు దూరంగా కోయండి, రెండోసారి దగ్గరగా కోయండి, మిగిలిన మొటిమను కత్తితో చెక్కి 400, 600 ఎమిరీతో సాపు చేయండి. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట ముక్క పొడుగునా సన్నటి గట్టు ఉంటుంది. దాన్ని కత్తి అంచు నిలువుగా పెట్టి గీకితే పొట్టు లేస్తుంది. గీకకుండా వదిలేస్తే ప్రైమర్ వేశాక కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

అసలు పని అతుకుల దగ్గరుంది. చేతులు, కాళ్లు, తల, మొండెం, తుపాకి దాదాపు అన్నీ రెండు సగాలే. రెండు సగాలు కలిసిన గీత మొహం మీదా మోకాలి మీదా అడ్డంగా కనబడితే ఎంత మంచి రంగు వేసినా చవకబారు ప్లాస్టిక్ బొమ్మలాగే ఉంటుంది. పద్ధతి ఇదీ. బ్రష్షు మూత ఉన్న చిక్కటి మోడల్ జిగురు రెండు అంచులకూ ధారాళంగా రాయండి. అర నిమిషం ఆగి, మళ్లీ ఒకసారి రాసి, రెండు సగాలూ గట్టిగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ గీత పొడుగునా సన్నటి పూసలా బయటికి పొంగాలి. ఎక్కడ పొంగలేదో అక్కడ తర్వాత సందు మిగులుతుంది. పొంగినదాన్ని వేలితో తుడవొద్దు. వేలిముద్ర ప్లాస్టిక్‌లో దిగిపోతుంది, పైగా గీత పూడ్చే సరుకు అదే. క్లిప్పు గానీ రబ్బరు బ్యాండు గానీ వేసి పక్కన పెట్టేయండి.

ఎన్నాళ్లు? రెండు రోజులు కనీసం, వారమైతే నిశ్చింత. మన ఎండలకు పైన గంటలో గట్టిపడుతుంది, దాంతో ఆరిపోయిందనుకుంటారు. లోపల మెత్తగానే ఉంటుంది. అప్పుడే ఎమిరీ పట్టి సాపు చేస్తే ఆ పూటకు అద్దంలా ఉంటుంది. పది రోజులకు లోపలి ద్రావకం ఆవిరై ప్లాస్టిక్ కుంచించుకుపోయి, రంగు కింద గీత మళ్లీ గుంటలా తేలుతుంది. పాత కిట్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ తొందరే. త్వరగా ఆరుతుందని డాబా మీద ఎండలో పెట్టడం ఇంకా చేటు. సన్నటి ముక్కలు వంకరపోతాయి.

ఫెవిక్విక్ వాడితే వెంటనే పట్టుకుంటుంది, నిజమే. సందు పూడ్చడానికీ పనికొస్తుంది. రెండు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. ఒకటి, మూసి ఉన్న చోట దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి బూజులా పడుతుంది. రెండు, పూర్తిగా గట్టిపడ్డాక ప్లాస్టిక్ కంటే గట్టిగా ఉంటుంది. ఎమిరీ పడితే పక్క ప్లాస్టిక్ అరిగి అది గట్టుగా మిగులుతుంది. అందుకే గంటలోపే సాపు చేసేయాలి.

మిగిలిన సందులకు, దిగబడ్డ గుంటలకు లప్పం కావాలి. ఈ కిట్టంతా ఒకే రంగు కాబట్టి లప్పం ఇంట్లోనే చేసుకోవచ్చు. పల్చటి మోడల్ జిగురు సీసాలో మూడో వంతు ఉంచి, మిగిలిన రన్నర్లను మినపగింజంత ముక్కలుగా కోసి అందులో వేసి మూత బిగించండి. తెల్లారేసరికి పెరుగులా అవుతుంది. అదే ప్లాస్టిక్ కాబట్టి ముక్కతో కలిసిపోతుంది, ఎమిరీ సమానంగా తింటుంది. కానీ ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది. కాస్త ఎత్తుగా పెట్టి మూడు రోజులాగాలి. పెద్ద గుంటలకు ఎం-సీల్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ మేలు, అది కుంచించుకుపోదు. కార్లకు పూసే ఎన్‌సీ పుట్టీని లావుగా పెడితే ప్లాస్టిక్‌ను తినేస్తుంది. గీతల మీద పల్చగా గీకడానికైతే ఫరవాలేదు.

ఇక్కడే ఒక చిక్కుంది. మోచేయి కీలు పై చేతి రెండు సగాల మధ్య ఇరుక్కుని ఉంటుంది, మోకాలూ అంతే. సగాలు అతికించి, గీత పూడ్చి, రంగు వేయాలంటే లోపలున్న ముక్క అడ్డం. దాన్ని కప్పుతూ రంగు వేస్తే అంచులు చెడతాయి, కీలు అంటుకుపోతుంది. అనుభవజ్ఞులు చేసే పని, కీలు కూర్చునే గుండ్రటి గూటిని వెనకవైపు కోసి అరసున్నా ఆకారానికి తేవడం. అప్పుడు సగాలు అతికించి రంగు పూర్తయ్యాక కీలును బయటినుంచి నొక్కితే టక్కున కూర్చుంటుంది. కోత వెడల్పు గూటి వ్యాసం కంటే కాస్త తక్కువగా ఉండాలి. ఎక్కువ కోస్తే చెయ్యి ఊడి చేతిలోకొస్తుంది. తక్కువ కోస్తే నొక్కేటప్పుడు గూడు పగులుతుంది. మొదటిసారి చేసేవాళ్లు మోకాలి జోలికి పోకుండా మోచేతితో మొదలుపెడితే మంచిది, పాడైనా బొమ్మ నిలబడుతుంది.

కీళ్ల మేకుల (గూట్లో తిరిగే ప్లాస్టిక్ కడ్డీల) మీద రంగు పడితే మందం పెరిగి బిగుసుకుంటాయి. బలవంతంగా తిప్పితే మేకు మెలిపడి లోపలే తెగుతుంది, దాన్ని బయటికి తీయడం నరకం. రంగు వేసే ముందే మేకును 600 ఎమిరీతో ఒక చుట్టు అరగదీయండి, లేదా టేపు చుట్టండి. వదులుగా ఉంటే ఉల్టా పని. మేకుకు పల్చగా ఫెవిక్విక్ రాసి, పూర్తిగా ఆరాక ఎక్కించాలి. పాత హైగ్రేడ్ కిట్ల నుంచి మిగిలిన పాలీక్యాప్‌లుంటే భుజానికి, మెడకు పెట్టొచ్చు. అంత శ్రమ ఈ బొమ్మకు అవసరమా అంటే మా మటుకు మెడ ఒక్కదానికి చాలు. తల కాస్త పక్కకు తిప్పి, వంచి పెట్టినా నిలబడ్డ తీరు మారిపోతుంది. కాళ్లు ఎంత మార్చినా నడుం ముక్క అడ్డొస్తుంది కనుక పెద్దగా కదలవు.

ఇక రంగులు. దీనికి ప్రత్యర్థి మన వాతావరణమే. జూలై నుంచి అక్టోబరు దాకా గాల్లో తేమ ఎక్కువ. లాకర్ (ఘాటు ద్రావకంతో త్వరగా ఆరే రంగు) రకం స్ప్రేలో ద్రావకం చటుక్కున ఆవిరవుతూ ముక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాల్లో తేమ దాని మీద చేరి రంగు పాలిపోతుంది, మబ్బుపట్టినట్టు తెల్లగా అవుతుంది. నీలం మీదా నలుపు మీదా ఇది దాచలేనంత కనబడుతుంది. చిన్న డిజిటల్ తేమ మీటరు కొనుక్కుని, 65 శాతం దాటితే డబ్బా ముట్టుకోకండి. ఎండాకాలంలో ఇళ్లల్లో నీళ్ల కూలర్లు తిరుగుతుంటాయి. కూలరున్న గదిలో తేమ వానాకాలాన్ని మించిపోతుంది, అక్కడ స్ప్రే చేయడం దండగ. ఏసీ గదిలో తేమ తక్కువే కానీ తలుపులు మూసి లాకర్ కొడితే ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు లేకుండా లోపల కొట్టకండి. ధూళికి వాడే గుడ్డ మాస్కు దీనికి చాలదు.

మే నెలలో, మరీ రోహిణి కార్తెలో, ఇబ్బంది ఇంకో రకం. రంగు తుంపర గాల్లోనే ఎండిపోయి ముక్క మీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. డబ్బా కూడా వేడెక్కి ఒత్తిడి పెరిగి భళ్లున కక్కుతుంది. 50 డిగ్రీలు దాటకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది, కాబట్టి బాల్కనీలోనో కారులోనో వదిలేయొద్దు. వేసవిలో ఉదయం ఎండ ముదరకముందు, 15 సెంటీమీటర్ల దూరంనుంచి, చెయ్యి ఆపకుండా కొట్టాలి. గరుకు పడితే ఆరాక 2000 ఎమిరీతో తడిపి రుద్ది మళ్లీ ఒక పొర వేస్తే సరి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికంటే అనువైన కాలం. అప్పుడూ తెల్లవారుజామున మంచు ఉంటుంది, పది దాటాక మొదలుపెట్టి నాలుగింటికల్లా ముగించండి. గుంటూరులో మిర్చి యార్డు వైపు ఇళ్లున్నవాళ్లు సీజన్‌లో కిటికీలు మూసుకుని బ్రష్షు పని చేసుకోవడం ఉత్తమం. కన్ను గీస్తుండగా తుమ్మొస్తే తిరిగి మొదలే.

ప్రైమర్ బూడిద రంగు ఒక పల్చటి పొర వేసి చూడండి. పూడ్చామనుకున్న గీతలన్నీ బయటపడతాయి. పూడ్చి, సాపు చేసి, ఆ తర్వాత తెల్ల ప్రైమర్ వేయండి. ఈ బొమ్మలో తెలుపే ఎక్కువ, బూడిద మీద తెలుపు ఎక్కడానికి పొరలమీద పొరలు పడి అంచులు మొద్దుబారతాయి. పసుపు, ఎరుపు కూడా తెల్ల నేల మీదే పండుతాయి. తెలుపును మూడు నాలుగు పల్చటి పొరలుగా, మధ్యలో పదిహేను నిమిషాలు విరామమిచ్చి వేయాలి. ఒకేసారి కప్పేద్దామనుకుంటే మూలల్లో గుంటకట్టి కారుతుంది.

బ్రష్షుతో వేసేవాళ్లకు. ఫెవిక్రిల్ రంగులు ప్రైమర్ మీద పట్టుకుంటాయి, నీళ్లతో పల్చన చేసి రెండు మూడు పూతలు వేస్తే చూడ్డానికి బానే ఉంటాయి. ఎమిరీ మాత్రం పట్టలేరు, రబ్బరులా చుట్టుకుని ఊడొస్తుంది. కీళ్ల దగ్గర ఒకదానికొకటి అంటుకుంటుంది కూడా. మోడల్ రంగులు చేసే టమియా కంపెనీ ఆక్రిలిక్ గట్టిగా ఆరుతుంది. అయితే ఆల్కహాలు ఉన్న రంగు కావడంతో రెండో పూత తొందరగా వేస్తే మొదటి పూతను లేపేస్తుంది. మన వేడికి బ్రష్షు మీదే ఎండుతుంది కూడా, ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డరు ఒకటి రెండు చుక్కలు కలపాలి. ఏ రకం వాడినా వరస తప్పొద్దు: అడుగున లాకరు, దాని మీద ఆక్రిలిక్, ఆ పైన ఎనామెల్. ఎనామెల్ మీద లాకర్ కొడితే కింది రంగు ముడుచుకుపోతుంది.

తల మీద కాలం ఎక్కువ పడుతుంది. కళ్లు, మొహం, గడ్డం విడి ముక్కలు కావు, అచ్చులో ఉన్న గీతల వెంట చేత్తో వేయాలి. కంటి గుంట మొత్తం నల్ల ఎనామెల్‌తో నింపి, పక్కలకు పోయినదాన్ని ఎనామెల్ థిన్నర్ తాకించిన దూదిపుల్లతో తుడిచేయండి. కింద ఉన్నది లాకర్ అయితే చెక్కుచెదరదు. ఆరాక మధ్యలో పసుపు, చుట్టూ వెంట్రుక మందాన నలుపు మిగిలేట్టు. పసుపును టూత్‌పిక్ మొనతో పెట్టడం బ్రష్షుకంటే తేలిక. గడ్డానికి ఎరుపు చుక్క చివర్లో.

డాలు మీద ఎరుపు నేల, తెల్ల అంచు, పసుపు గుర్తు. లేత రంగు ముందు, ముదురు తర్వాత: తెలుపు వేసి అంచు మూసి, పసుపు వేసి గుర్తు మూసి, చివర ఎరుపు. గోడలకు వాడే టేపు జిగురు ఎక్కువ, కింది రంగును పీకేస్తుంది. ప్యాంటుకు రెండుసార్లు అంటించి తీసి వాడండి. టేపు అంచును గోటితో నొక్కి, ముందు ఒకసారి కింది రంగునే పల్చగా కొడితే సందుల్లో ఆ రంగే దూరి మూసుకుంటుంది, తర్వాత ఎరుపు పాకదు.

గీతల్లో ముదురు రంగు పారించే ఎనామెల్ ద్రవం వాడాలంటే ముందు నిగనిగలాడే క్లియర్ (రంగులేని) పొర ఒకటి తప్పనిసరి. లేకపోతే గరుకు రంగు మీద మరకలా పాకుతుంది. పైగా కీళ్ల దగ్గర, బిగుతుగా నొక్కుకుని ఉన్న ముక్కల్లోకి దిగితే ప్లాస్టిక్ పెళుసై చిట్లుతుంది. భుజం మేకు దగ్గర అసలు వాడకండి. చివరి మ్యాట్ (మెరుపులేని) పూత తేమ రోజున కొట్టి బొమ్మంతా బూడిదరాసినట్టయితే కంగారుపడి ఎమిరీ పట్టొద్దు. పొడి రోజు చూసి నిగనిగలాడే క్లియర్ ఒక పొర కొడితే ఆ తెలుపు చాలావరకు మాయమవుతుంది. ఆరనిచ్చి మ్యాట్ మళ్లీ వేసుకోవచ్చు.